ఒకే పేరులో ఇద్దరు తాతలు

కాటన్ మాథర్ పేరు వినగానే అమెరికా చరిత్ర చదివినవాళ్లకు 1692 నాటి సేలం గుర్తొస్తుంది. చేతబడి చేశారన్న నేరం మోపి అక్కడ 19 మందిని ఉరితీశారు. ఆ విచారణలను వెనకేసుకొస్తూ పుస్తకం రాసిన బోస్టన్ పాస్టరుగా ఆయనకు మచ్చ మిగిలింది. అన్యాయంగా పడిన మచ్చేమీ కాదది. కానీ ఆయన ఇంటి కథ సేలంతో మొదలైందీ కాదు, ముగిసిందీ కాదు.

తాత రిచర్డ్ మాథర్‌ది ఇంగ్లండ్‌లోని లాంకషైర్. చర్చి పెద్దలు విధించిన ఆచారాలను పాటించనందుకు పాస్టరు పని పోయింది. 1635లో భార్యాపిల్లలతో 'జేమ్స్' అనే ఓడెక్కారు. న్యూ ఇంగ్లండ్ తీరం దగ్గర పెనుతుపాను పట్టుకున్నా ప్రాణాలతో ఒడ్డున పడి, డార్చెస్టర్‌లో పాస్టరుగా కుదురుకున్నారు. ఆయన కొడుకుల్లో నలుగురు పాస్టర్లయ్యారు.

వంశవృక్షం గీసినవాళ్లు తండ్రి నుంచి కొడుక్కి గీత లాగి ఊరుకుంటారు. నన్నడిగితే ఈ వంశాన్ని ముడేసింది సారా అనే వితంతువు. ఆమె రెండో భర్త జాన్ కాటన్ బోస్టన్‌లో పేరు మోసిన పాస్టరు, 1652లో పోయారు. 1655లో రిచర్డ్ భార్య కూడా పోయారు. మరుసటి ఏడాది రిచర్డ్, సారా పెళ్లి చేసుకున్నారు. 1662లో రిచర్డ్ చిన్న కొడుకు ఇంక్రీజ్‌కు, సారా కూతురు మరియాకు పెళ్లయింది. సవతి తల్లే అత్తగారు! మన పెద్దలు వరసలు కలపలేక తలపట్టుకునేవారు. ఆ దంపతుల తొలిచూలు బిడ్డే 1663లో పుట్టిన కాటన్ మాథర్. అమ్మ పుట్టింటి ఇంటిపేరే పిల్లాడి పేరయింది.

ఇలాంటి ముడి ఇదొక్కటే కాదు. ఇంక్రీజ్ అన్న ఎలియేజర్ నార్తాంప్టన్ పాస్టరుగా ఉంటూ చిన్న వయసులోనే చనిపోయారు. ఆయన భార్య ఎస్తర్, అదే చర్చికి తర్వాత వచ్చిన పాస్టరు సాలమన్ స్టాడర్డ్‌ను పెళ్లాడారు. ఆ ఇద్దరి కూతురి కొడుకే మహాబోధకుడు జొనాథన్ ఎడ్వర్డ్స్.

ఇంక్రీజ్ హార్వర్డ్ కాలేజీకి అధ్యక్షుడయ్యారు. 1701లో ఆ పదవి పోయింది. కొడుక్కి ఎన్నడూ దక్కలేదు. ఆ ఉక్రోషం కాటన్ మనసులో ఉండే ఉంటుంది. 1718లో కనెటికట్‌లోని మరో కాలేజీకి సాయం చేయమంటూ ఎలిహు యేల్‌కు ఉత్తరం రాశారు. యేల్ ఒకప్పుడు మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గవర్నరు. కోరమాండల్ తీరపు బట్టల వ్యాపారంతో నడిచిన కోట అది. ఆయన తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు పంపారు. కాలేజీకి ఆయన పేరే స్థిరపడింది.

ఇంట్లో మాత్రం చావు మీద చావు. 1713లో తట్టు సోకి రెండో భార్య ఎలిజబెత్, అప్పుడే పుట్టిన కవలలు, రెండేళ్ల జెరూషా, పనిమనిషి కొద్ది రోజుల తేడాలో పోయారు. కాటన్‌కు పుట్టిన 15 మందిలో ఆయన తర్వాత మిగిలింది ఇద్దరే.

ఏ వంశవృక్షంలోనూ చోటు దక్కని మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉండేవారు. 1706లో చర్చి సభ్యులు పాస్టరుకు కానుకగా ఇచ్చిన ఆఫ్రికన్ బానిస ఆయన. ఒనేసిమస్ అని పేరు పెట్టింది యజమానే. నీకు మశూచి వచ్చిందా అని అడిగితే, తమ దేశంలో రోగి పుండు రసాన్ని కొద్దిగా చర్మం కిందికి ఎక్కిస్తారని, తనకూ అలాగే చేశారని చెప్పారాయన. 1721లో బోస్టన్‌లో మశూచి చెలరేగి 844 మంది చనిపోయారు. ఒనేసిమస్ చెప్పిన పద్ధతిని ప్రయత్నించమని కాటన్ వైద్యులను వేడుకుంటే జబ్డీల్ బాయిల్‌స్టన్ ఒక్కరే ముందుకొచ్చారు. ఊరు మండిపడింది. కాటన్ ఇంటి కిటికీలోంచి ఎవరో బాంబు విసిరారు, అది పేలలేదు.

ఈ గొడవల మధ్యే కాటన్ తన కొడుకు శామ్యూల్‌కు గుట్టుగా ఆ రసం ఎక్కించారు. జ్వరం ముదిరినా కుర్రాడు బతికి బట్టకట్టాడు. తర్వాత తానూ పాస్టరయ్యాడు, 1729లో తండ్రి జీవితచరిత్ర అచ్చువేశాడు.