విద్యుత్ చేప నుంచి చికున్‌గున్యా దాకా

చికున్‌గున్యా జ్వరం వారం పది రోజుల్లో దిగిపోతుంది. కొందరిలో కీళ్ల నొప్పులు మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండిపోతాయి. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకోదు, చెంబు చేతిలో నిలవదు, నేలమీద కూర్చున్న మనిషి లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఈ నొప్పికి తలమీంచి పంపే సన్నని కరెంటు పనికొస్తుందా అని ఇప్పుడు వైద్యులు పరీక్షిస్తున్నారు. ఆ ఆలోచన వయసు దాదాపు రెండువేల ఏళ్లు.

క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ వైద్యుడు స్క్రైబోనియస్ లార్గస్ గౌట్ అనే కీళ్ల జబ్బున్న రోగిని సముద్రపు ఒడ్డున తడి నేలమీద నిలబెట్టమన్నాడు. పాదం కింద బతికున్న టార్పెడో చేప. అది వదిలే విద్యుత్తుకు మోకాలి దాకా తిమ్మిరెక్కేవరకు కదలకూడదు. తలనొప్పికీ అదే చేపను వాడమన్నాడు. విద్యుత్తంటే ఏమిటో తెలియని కాలంలోనే దాని గుణం పట్టుకున్నాడాయన.

1800లో వోల్టా బ్యాటరీ వచ్చింది. కొద్ది ఏళ్లకే ఇటలీలో శాస్త్రవేత్త ఆల్దినీ దిగులు జబ్బు రోగుల తలలకు ఆ కరెంటు పెట్టి చూశాడు. ఆ తర్వాత నకిలీ వైద్యులు విద్యుత్ బెల్టులమ్మి ఈ విద్య పరువు తీశారు. 1938లో రోమ్‌లో మొదలైన షాక్ చికిత్స జనానికి భయం పుట్టించింది. ఆ భయం నేటికీ పోలేదు.

1965 ఈ కథలో కీలకమైన ఏడాది. నొప్పి సంకేతం మెదడుకు చేరేలోపు వెన్నుపాములోనే దాన్ని పెంచే, తగ్గించే ఏర్పాటుందని శాస్త్రవేత్తలు మెల్జాక్, వాల్ ఆ ఏడాది ప్రతిపాదించారు. అదే ఏడాది విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి చికున్‌గున్యాతో మంచం పట్టాయి. 1952లో తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకాలో బయటపడ్డ వైరస్ అప్పటికే కలకత్తా, మద్రాసు చూసి వచ్చింది. 1973 తర్వాత మన దేశంలో దాదాపు కనుమరుగై, 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ లేచింది. 2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి. ఇంటిల్లిపాదీ ఒకేసారి పడిపోయి, గంజి కాచేవారు లేని ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో.

ఇటు మెదడు పరిశోధన కూడా సాగింది. కదలికలను నడిపే మెదడు పొరను ప్రేరేపిస్తే మొండి నొప్పి తగ్గుతుందని 1991లో జపాన్ వైద్యుడు త్సుబొకవ చూపించాడు. అయితే అందుకు పుర్రె తెరవాలి. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో పరిశోధకులు నిట్షె, పౌలస్ పుర్రె తెరవకుండానే, చర్మం మీంచి పంపిన అతి తక్కువ కరెంటుతో ఆ పొర చురుకుదనాన్ని మార్చారు. దానికి టీడీసీఎస్ అని పేరు.

2014లో చికున్‌గున్యా బ్రెజిల్‌లో అడుగుపెట్టాక ఈ రెండు దారులూ కలిశాయి. అక్కడి ఈశాన్య ప్రాంత పరిశోధకులు 20 మంది రోగులతో చేసిన టీడీసీఎస్ పరీక్షను 2018లో ప్రచురించారు. ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజీలు: ఒకటి నడినెత్తికి ఎడమ పక్కన, రెండోది కుడి నుదుటి మీద. 2 మిల్లీయాంపియర్ల కరెంటు, 20 నిమిషాలు, వరసగా ఐదు రోజులు. షాక్ చికిత్సకు వాడేదాంతో పోలిస్తే ఇది లెక్కలోకి రానంత. రోగికి తెలిసేది కాస్త చిమచిమ, దురద. ఉత్తుత్తి కరెంటు పెట్టినవారితో పోలిస్తే అసలు కరెంటు అందినవారికి నొప్పి తగ్గింది. దీర్ఘకాలపు నొప్పిలో కీలుతోపాటు మెదడు కూడా అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటుందనే అవగాహనకు ఇది బలమిచ్చింది.

ఇరవై మంది చాలరు, నిజమే. దీర్ఘకాలిక నొప్పులన్నిటి మీదా జరిగిన ఇలాంటి పరీక్షలను జల్లెడ పట్టిన కోక్రేన్ సమీక్షలు కూడా ఆధారాలు బలహీనమనే తేల్చాయి. కానీ నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగితే కడుపు, మూత్రపిండాలు దెబ్బతినే ముప్పుంది. 2006లో ఇంత నొప్పి చూసిన తెలుగు నేల మీద పెద్ద పరీక్షలు జరగాలి. మన వైద్య కళాశాలలు, ఫిజియోథెరపీ విభాగాలు ఇందుకు పూనుకోవాలి. పాఠకులకు ఒక్క మనవి: బ్యాటరీ, వైర్లతో ఇంట్లో దీన్ని ప్రయత్నించకండి. మూర్ఛ ఉన్నవారు, తలలో లోహపు పరికరం ఉన్నవారు ముందు నరాల వైద్యుణ్ణి అడగాల్సిందే.