సంభాషణే గణన: రాబిన్ మిల్నర్ ఆలోచనా ప్రస్థానం

రెండు ప్రోగ్రాములు తీసుకుందాం. మొదటిది ఒక చలరాశికి నేరుగా 2 విలువ ఇస్తుంది. రెండోది ముందు 1 ఇచ్చి, ఆ తర్వాత దానికి మరో 1 కలుపుతుంది. విడివిడిగా నడిపితే రెండింటి ఫలితమూ 2. కానీ అదే చలరాశికి 5 విలువ ఇచ్చే మరో ప్రోగ్రాము కూడా పక్కనే నడుస్తోందనుకోండి. రెండోదాని అడుగుల మధ్య అది చొరబడితే ఫలితం 6 అవుతుంది. మొదటిదాని విషయంలో 2 గానీ 5 గానీ వస్తుంది తప్ప 6 ఎన్నటికీ రాదు. ఏమిస్తే ఏమొస్తుందన్నదే ప్రోగ్రాముకు అర్థమన్న సిద్ధాంతం ఇక్కడ చాలదు. ఆ లోటు తీర్చడానికే రాబిన్ మిల్నర్ తన జీవితంలో పెద్ద భాగం వెచ్చించారు.

ఆయన 1934లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ సమీపాన పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదువుకుని, కొంతకాలం బడిలో పాఠాలు చెప్పి, 1960లో ఫెరాంటి కంపెనీలో ప్రోగ్రామర్‌గా చేరారు. పీహెచ్‌డీ చేయనేలేదు. లండన్, స్వాన్సీలలో పనిచేశాక 1970ల తొలినాళ్లలో స్టాన్‌ఫర్డ్‌లో గణిత నిరూపణలకు కంప్యూటర్‌ను తోడు చేసుకునే ఎల్‌సీఎఫ్ వ్యవస్థను నిర్మించారు. 1973లో ఎడిన్‌బరోకు వచ్చాక ఆ కృషిలో భాగంగానే ఎంఎల్ అనే ప్రోగ్రామింగ్ భాష పుట్టింది. ప్రోగ్రామర్ రాయకపోయినా టైపులను, అంటే విలువల రకాలను, భాషే పసిగట్టే పద్ధతిని దాని ద్వారా ఆయన స్థిరపరిచారు. నేటి ఓకామల్, ఎఫ్ షార్ప్ భాషలు ఆ వంశానివే.

ఏకకాలంలో నడిచే వ్యవస్థల గురించి ఆలోచించిన తొలి వ్యక్తి మిల్నర్ కాదు. జర్మనీలో కార్ల్ ఆడమ్ పెట్రీ 1962 నాటి సిద్ధాంత వ్యాసంలోనే ఆ దారి తొక్కారు. బ్రిటన్‌లో టోనీ హోర్ 1978లో సీఎస్‌పీ అనే పద్ధతిని ప్రకటించారు. మిల్నర్ 1980లో సీసీఎస్ అనే కలనాన్ని (చిహ్నాలతో లెక్కించే నియమావళిని) పుస్తకంగా వెలువరించారు. అందులో ప్రతి ప్రక్రియా మరో ప్రక్రియతో మాట్లాడుతుంది. ఒకటి పంపడం, మరొకటి అందుకోవడం ఒకే క్షణంలో జరిగే ఒకే చర్య. ప్రోగ్రాములన్నీ పంచుకునే మెమరీని కూడా ఆయన మరో ప్రక్రియగానే చూశారు.

రెండు ప్రక్రియలు సమానమని ఎప్పుడనాలి అన్న దగ్గరే అసలు చిక్కు ఎదురైంది. నాణెం వేశాక టీ కావాలో కాఫీ కావాలో మనల్ని ఎంచుకోనిచ్చే యంత్రం ఒకటి. నాణెం పడగానే ఏదిచ్చేదీ తానే తేల్చేసుకునే యంత్రం మరొకటి. జరిగిన పనుల చిట్టా రాస్తే రెండింటికీ తేడా ఉండదు: నాణెం తర్వాత టీ, లేదా నాణెం తర్వాత కాఫీ. కానీ టీ కోసం నిలబడ్డ మనిషికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. రెండో యంత్రం దగ్గర అతను ఒట్టి చేతులతో నిలిచిపోవచ్చు. ఈ భేదాన్ని పట్టుకునే సమానత్వాన్ని మిల్నర్ మెట్టుమెట్టుగా నిర్వచిస్తే, 1981లో డేవిడ్ పార్క్ దానికి చక్కటి రూపమిచ్చారు. రెండింటిలో ఏది అడుగు వేసినా మరొకటి అదే అడుగుతో బదులివ్వగలగాలి. చేరిన కొత్త స్థితుల్లోనూ అదే షరతు నిలవాలి. బైసిమ్యులేషన్ అనే ఈ భావన మిల్నర్ 1989 నాటి పుస్తకానికి వెన్నెముక అయింది.

1991లో ట్యూరింగ్ పురస్కారం ఎల్‌సీఎఫ్, ఎంఎల్, సీసీఎస్ మూడింటికీ కలిపి దక్కింది. అక్కడితో ఆయన ఆగలేదు. సీసీఎస్‌లో ఎవరితో ఎవరు మాట్లాడగలరన్న అమరిక మారడానికి పెద్దగా వీల్లేదు. కదులుతున్న కారులోని ఫోను ఒక టవర్ నుంచి మరో టవర్‌కు మారినట్టు, బంధాలే మారిపోతుంటే ఎలా? జోకిమ్ పారో, డేవిడ్ వాకర్‌లతో కలిసి 1992లో ప్రచురించిన పై-కలనం దీనికి జవాబిచ్చింది. అందులో సందేశంగా వెళ్లేది మరో చానెల్ (సంభాషణ మార్గం) పేరే. ఆ పేరు అందుకున్న ప్రక్రియకు కొత్త బంధం దొరికినట్టే. ఈ ఒక్క సూత్రం భద్రతా ప్రోటోకాల్‌ల పరిశీలనకు, జీవకణాల్లోని అణువుల ప్రవర్తన వర్ణనకు కూడా ఉపయోగపడింది.

1995లో కేంబ్రిడ్జ్‌కు తిరిగివెళ్లిన మిల్నర్, 2010 మార్చిలో మరణించేదాకా బైగ్రాఫ్‌ల మీద పనిచేశారు. స్థలం, బంధం రెంటినీ ఒకే చట్రంలో చెప్పాలన్నది అందులో ఆయన తపన. లెక్క తేల్చి ఆగిపోయే ప్రోగ్రాముల కంటే ఆగకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవే నేడు మన బ్యాంకులనూ ఫోన్లనూ నడుపుతున్నాయి. అవి సరిగా ప్రవర్తిస్తాయా అని అడగాలంటే ముందు ప్రవర్తన అంటే ఏమిటో చెప్పగలగాలి. ఆ మాటకు గణితంలో నిక్కచ్చి అర్థం కల్పించిన కొద్దిమందిలో మిల్నర్ అగ్రగణ్యుడు. కంప్యూటర్ సైన్స్ చదివే మన విద్యార్థులు కోడ్ రాయడంతో పాటు ఈ ప్రశ్న వేయడమూ నేర్చుకోవాలి.