నీరు పల్లమెరుగు: హైదరాబాదు దాహం చరిత్ర

సముద్రజలంలోని ఉప్పును వేరుచేసి ఎండిన ప్రాంతాలకు మంచినీరు అందించటం విజ్ఞానశాస్త్రానికి ఈనాడు అసాధ్యం కాదు. మద్రాసు సమీపాన మీంజూరులో రోజుకు 10 కోట్ల లీటర్ల శక్తిగల కర్మాగారం 2010లో ప్రారంభమయింది. కాని ఇటువంటి పద్ధతిలో కిలోలీటరు నీటికి మూడు నాలుగు యూనిట్ల విద్యుత్తు కావాలి. బొగ్గు మండించి ఆ విద్యుత్తు తీస్తే దాహం తీరుతుందేమోగాని వాతావరణం మరింత వేడెక్కుతుంది. కనుక ప్రశ్న ఒక్క యంత్రానిదే కాదు. ఏ శక్తితో, ఎవరి కోసం అన్నదే అసలు ప్రశ్న. సముద్రానికి దూరంగా, దక్కను పీఠభూమిపై వెలసిన హైదరాబాదు చరిత్రను ఈ దృష్టితో పరిశీలించాలి.

కుతుబ్‌షాహీల నాడు గోల్కొండ వాసులకు తాగునీరిచ్చింది దుర్గం చెరువు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపిన జలాశయాలే దాహాన్నీ తీర్చాయి. గండిపేట నీరు పల్లాన్ని పట్టుకొని ఆసిఫ్‌నగరు చేరేది. పంపు అవసరం లేకపోయింది. ఆ కట్టలకు ప్రభువుల పేర్లు మిగిలాయి. రాళ్లు మోసిన కూలీల పేర్లు మిగలలేదు.

1998లో మాదాపురంలో సైబర్ టవర్సు లేచింది. దాని పొరుగునే ఉన్న దుర్గం చెరువు మురుగునీటి పాలయింది. జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలను అరికట్టిన 1996 నాటి 111వ నంబరు ఉత్తర్వు ఆంక్షలను 2022లో ప్రభుత్వమే ఎత్తివేసింది. ఈలోగా 2004లో కృష్ణ, 2015లో గోదావరి నగరానికి వచ్చాయి. అవి పల్లానికి పారి రాలేదు. వందల మీటర్ల ఎత్తుకు విద్యుత్తుతో తోడుకొచ్చినవి. నష్టాలేమీ లేకపోయినా, కిలోలీటరు నీటిని వంద మీటర్లు ఎత్తటానికి పావు యూనిట్టుకు పైగా ఖర్చవుతుంది. కృష్ణా గొట్టాలు సాగివచ్చేది ఫ్లోరైడు నీటితో తరాల తరబడి ఎముకలు వంగిపోయిన నల్లగొండ జిల్లా గుండా! పటికతో, సున్నంతో ఆ ఫ్లోరైడును తగ్గించే చౌక పద్ధతి 1970లలోనే నల్లగొండ పేరుతో ప్రపంచానికి తెలిసింది. విజ్ఞానం కొరవడలేదు, దాన్ని ప్రతి ఇంటికీ చేర్చే పాలన కొరవడింది.

కోటి జనానికి గండిపేట ఒక్కటే చాలదన్నది నిజం. అంతమాత్రాన దగ్గరి నీటిని చెరచి దూరపు నీటిని తోడటం ప్రగతి కాజాలదు. 2024 వేసవిలో బోర్లు ఎండినప్పుడు అద్దాల మేడలు కూడా ట్యాంకర్ల కోసం ఎదురుచూశాయి. చెరువుల రక్షణ, మురుగునీటి శుద్ధి, పునర్వినియోగం ముందు. సూర్యశక్తితో సముద్రజల శుద్ధి, తీరప్రాంతాలకు, ఆ తర్వాత. ఈ క్రమాన్ని నిర్ణయించవలసింది భూముల వ్యాపారులు కాదు, బిందెలతో వరుసలో నిలబడే ప్రజలు.