చలి కన్నా కాలువే కారణం

కృష్ణా డెల్టాకు చుట్టాలూ యాత్రికులూ డిసెంబరు, జనవరుల్లోనే ఎందుకు వస్తారని అడిగితే, అప్పుడు చల్లగా ఉంటుంది గనక అని చెప్పి ఊరుకోవడం వాడుకైపోయింది. మే నెల విజయవాడను ఎరిగినవారు ఆ మాటను కొట్టిపారేయలేరు. కానీ ఎండాకాలం ఎప్పుడూ ఉన్నదే. శీతాకాలపు రాకపోకల జోరు మాత్రం అంత పాతది కాదు. గమనించవలసింది మరొకటి: ఈ తీరంలో చలికాలపు ముంగిలి భయంతో కూడుకున్నది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ గతీ అదే. ఆశ్వయుజ కార్తీకాల్లో ఓడలవాళ్ళు ఈ రేవులకు వెరిచేవారు.

అసలు మార్పు 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తవడంతో మొదలైందని నా వాదన. దీన్ని వరి దిగుబడి లెక్కగా చెప్పేవారే ఎక్కువ. రాకపోకల మీద దాని ప్రభావాన్ని పట్టించుకున్నవారు తక్కువ. వానాకాలంలో ఈ నల్లరేగడి నేలలో బండ్లు ఇరుసుదాకా దిగబడతాయి. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. బాట గట్టిపడి, బందరు కాలువలో పడవ నడిచేటంత నీరు కూడా ఉండేది ఈ రెంటి నడుమనే. సార్వా కోతలూ అప్పుడే. కోతకు ముందే నిలువు వరిలో మినుము చల్లుతారు. వరి పనలు లేచేసరికి నేలలో మిగిలిన పదునుకూ రాత్రి మంచుకూ ఆ మొలకలు పచ్చగా తేరుకుంటాయి. ఒక పక్క కుప్పనూర్పిళ్ళు, మరో పక్క లేత మినుము చేలు: సంక్రాంతికి వచ్చినవారి కంటికి ఇంపైన ఈ దృశ్యం కాలువ నీటి చలవే.

సంక్రాంతి ఆనకట్టకన్నా పాతది కదా అనవచ్చు. నిజమే. అయితే పండుగ ఉండటం వేరు, పదిమందిని పిలిచి పెట్టగలగడం వేరు. 1832-33 నాటి నందన కరువు ఈ సీమను ఎంతగా తుడిచిపెట్టిందో తెలిసినవారికి, గాదె నిండుతుందన్న భరోసా లేని ఊరికి అతిథి కళ ఎలా వస్తుందన్న ప్రశ్న తప్పదు. ఒక మినహాయింపు మాత్రం ఒప్పుకోవాలి. ఈ డెల్టా ఊరైన కూచిపూడి నృత్య మేళాలను ఈ వాదనలో ఇరికించలేం. శ్రీరామనవమి పందిళ్ళు, వైశాఖ కల్యాణోత్సవాలు కూడా కళాకారులకు పిలుపులు వచ్చే రోజులే. కాలువ తెచ్చిపెట్టింది చూడవచ్చేవారి ఋతువునే కాని ఆడేవారి ఋతువును కాదు.

ఆ రెండూ డిసెంబరులో కలవడానికి కారణం ఆఫీసు సెలవులు. తెల్లదొరల క్రిస్మస్ సెలవులు చూసుకునే కాంగ్రెసు మహాసభలు ఏళ్ళ తరబడి డిసెంబరు చివర జరిగాయి. 1927 మద్రాసు సభలతో పాటు జరిగిన సంగీత సమావేశం నుంచే మరుసటి ఏడు మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఇవాళ ప్రవాస తెలుగువారు పిల్లలతో వచ్చే అమెరికా బడుల సెలవులు అదే పని చేస్తున్నాయి. 2016 డిసెంబరులో విజయవాడ స్టేడియంలో 6,117 మంది ఒక్కసారిగా కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. ప్రవాసుల పిల్లలు ఈ నృత్యం నేర్చుకోవడం తక్కువ విషయం కాదు, ఆ శ్రమను చిన్నచూపు చూడకూడదు. కానీ సంఖ్య కోసం కుదించిన ఆ నృత్యంలో వాచికానికి, అంటే పాత్రల మాటకు, చోటు లేదు. సత్యభామ తన చెలికత్తె మాధవితో వాదులాడకపోతే కూచిపూడి భామాకలాపంలో మిగిలేదేమిటి? వచ్చినవారు కూచిపూడిలో ఆ కలాపకర్త సిద్ధేంద్రుడి విగ్రహం దగ్గర ఫొటో దిగి, చీకటి పడకముందే బెజవాడ తిరుగుముఖం పడుతున్నారు. రాత్రంతా సాగవలసిన కలాపానికి ఇది తగిన ఋతువు అనిపించదు. పంట ఇంటికి చేరి, తుఫాను భయం తీరి, ఆరుబయట తెల్లవారేదాకా కూర్చోగలిగేది మాఘంలో. మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగర సంగమానికి జనం ఇప్పటికీ తరలివస్తూనే ఉన్నారు. ఆ దారిలో వెళ్ళేవారికి కూచిపూడిలో ఒక పూర్తి రాత్రి కలాపం చూపడం సెలవుల పంచాంగాన్ని నమ్ముకోవడంకన్నా మేలైన పని.