మద్య విముక్తి సహాయ బృందాలు: చారిత్రక పరిశీలన

సారా వ్యతిరేక ఉద్యమం గురించి మీరు వినే ఉంటారు. 1992 నాటికి నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యత తరగతుల్లో కలిగిన చైతన్యంతో తమ ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను, 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యాన్ని ప్రభుత్వం నిషేధించింది. సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. దుకాణం మూయించడం ఒక పని. తాగుడుకు బానిసైన మనిషి రేపూ ఎల్లుండీ తాగకుండా ఉండేందుకు తోడు నిలవడం మరొక పని. మొదటిది చట్టంతో సాధ్యం. రెండోది ఎలా సాధ్యమైందో ఈ భాగంలో తెలుసుకుందాం.

తొలి ప్రయత్నం

1840లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఒక మద్యశాలలో కలుసుకునే ఆరుగురు మిత్రులు ఇక తాగబోమని ప్రతిజ్ఞ చేశారు. వీరు స్థాపించినదే వాషింగ్టోనియన్ సంఘం. వారి సమావేశాల్లో ఉపన్యాసాలకు బదులు తాగుడు మానినవారు తమ అనుభవాలు చెప్పేవారు. సంఘం కొద్ది కాలంలోనే దేశమంతటా విస్తరించింది. 1842లో అబ్రహాం లింకన్ దాని సభలో ప్రసంగించాడు. అయితే పదేళ్లు తిరగకముందే అది క్షీణించింది. మద్యనిషేధ చట్టం కావాలా వద్దా అనే వివాదాలు, ఇతర సంస్థలతో పోటీ అందుకు ముఖ్య కారణాలు.

అమెరికా ప్రభుత్వం 1920 నుంచి 1933 వరకు దేశవ్యాప్తంగా మద్యనిషేధం అమలుచేసి, చివరకు రద్దు చేసింది. రెండేళ్లకు మరో మార్గం మొదలైంది.

ఏక్రన్ నగరం, 1935

న్యూయార్క్‌లో షేర్ల వ్యాపారంతో సంబంధం ఉన్న బిల్ విల్సన్ 1934 డిసెంబరులో తాగుడు మానాడు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఇతర తాగుబోతులను మార్చాలని ప్రయత్నించాడు. ఒక్కరూ మారలేదు. కానీ ఆ ప్రయత్నంలో తాను మాత్రం తాగకుండా ఉండగలిగాడు.

1935 మే నెలలో వ్యాపార పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ నగరానికి వెళ్లాడు. పని చెడింది. హోటల్ లాబీలో ఒకవైపు బార్ సందడి, మరోవైపు చర్చిల ఫోను నంబర్ల పట్టిక. అతను ఫోను వైపే నడిచాడు. తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని అడిగాడు. అలా స్థానిక శస్త్రవైద్యుడు డాక్టర్ బాబ్ స్మిత్ పరిచయమయ్యాడు. పదిహేను నిమిషాలకే ఒప్పుకున్న డాక్టర్ గంటల తరబడి మాట్లాడాడు. జూన్ 10న ఆయన చివరిసారి తాగాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ ఆ తేదీనే తన ఆవిర్భావ దినంగా పాటిస్తుంది. ఆ పేరుకు పేరు వెల్లడించని మద్యపీడితులు అని అర్థం.

వాషింగ్టోనియన్ల అనుభవం ఈ సంస్థకు పాఠమైంది. 1950లో ఆమోదించిన పన్నెండు సంప్రదాయాలను చూడండి. చేరడానికి తాగుడు మానాలనే కోరిక చాలు. బయటి విరాళాలు తీసుకోరు. రాజకీయ వివాదాల్లో, మద్యనిషేధ చర్చలో సైతం సంస్థ తలదూర్చదు. ప్రతి స్థానిక బృందం తన వ్యవహారాలు తానే చూసుకుంటుంది. భారతదేశంలో ఈ బృందాలు 1957లో ముంబైలో మొదలయ్యాయి. మద్యపీడితుల కుటుంబాల కోసం 1951లో అల్-అనాన్ అనే వేరే సంస్థ ఏర్పడింది.

2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను పరిశీలించింది. ఏడాదిపాటు పూర్తిగా తాగకుండా ఉండటంలో ఈ బృందాల వైపు క్రమపద్ధతిలో నడిపించే చికిత్స, ఇతర చికిత్సల కంటే మెరుగైన ఫలితమిచ్చిందని తేల్చింది.

మీ చుట్టుపక్కల

మీ ఇంట్లోనో వాడలోనో ఈ అవసరం ఉండవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో, లేదా 14446 అనే జాతీయ సహాయ నంబరుకు ఫోను చేసి సమీపంలోని బృందం వివరాలు అడగండి. బహిరంగ సమావేశానికి కుటుంబ సభ్యులు, విద్యార్థులు కూడా వెళ్లవచ్చు. ఆంతరంగిక సమావేశం మానదలచినవారికే పరిమితం. రుసుము ఉండదు. ఇంటిపేరు, ఊరు అడగరు. మొదటి రోజు ఏమీ మాట్లాడకుండా వినవచ్చు. ఒక బృందం నచ్చకపోతే మరొకటి చూడవచ్చు.

ఒక హెచ్చరిక: ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతి తప్పడం సంభవించి ప్రాణాపాయం కలగవచ్చు. అటువంటివారు ముందుగా డాక్టర్‌ను సంప్రదించాలి. బృందం వైద్యానికి తోడే తప్ప బదులు కాదు.

దూబగుంట స్త్రీలు కలిసి నిలబడి సారా దుకాణం మూయించారు. ఏక్రన్‌లో ఇద్దరు మనుషులు కలిసి కూర్చుని తాగుడు మానారు. ఈ రెండు చరిత్రలూ ఒంటరిగా సాధ్యం కానిదాన్ని కలిసి సాధించినవే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. వాషింగ్టోనియన్ సంఘం త్వరగా క్షీణించడానికి కారణాలేవి?
2. పన్నెండు సంప్రదాయాల్లో ఏవి ఆ లోపాలను సరిదిద్దాయని మీరు భావిస్తున్నారు?
3. మద్యనిషేధ చట్టం, సహాయ బృందం చేసే పనుల మధ్య తేడాను మీ సొంత మాటల్లో రాయండి.