రాత్రి పది దాటాక వాషింగ్ మెషిన్ వేస్తే బిల్లు తగ్గుతుందా? మన కరెంటు టైమింగ్స్ కథ

ఈ మధ్య రీల్స్‌లో ఒక టిప్ బాగా తిరుగుతోంది. రాత్రి పది దాటాక వాషింగ్ మెషిన్, గీజర్ వేసుకోండి, కరెంటు బిల్లు తగ్గిపోతుంది అని. అమీన్‌పూర్‌లో ఉండేవాళ్లకి ఇది పనికొస్తుందా? మామూలు ఇంటి మీటర్‌కి అయితే ఇప్పటికి పనికిరాదు. కానీ పక్కనే పటాన్‌చెరులో ఒక పెద్ద ఫ్యాక్టరీకి ఇదే టిప్ నిజంగా డబ్బు మిగులుస్తుంది. ఒకే కరెంటుకి రెండు లెక్కలు ఎందుకొచ్చాయి? అదే ఈరోజు కథ.

ముందు ఒక బేసిక్ విషయం. బియ్యం బస్తాల్లాగా కరెంటుని గోదాములో పెట్టి దాచుకోవడం అంత తేలిక కాదు. మనం వాడే క్షణంలోనే అది తయారవ్వాలి. సాయంత్రం అందరూ ఇంటికొచ్చి లైట్లు, టీవీ, ఏసీ వేస్తే వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. అదే పీక్. అర్ధరాత్రికి అంతా పడుకుంటారు. అలాగని బొగ్గు ప్లాంటుని ఫ్యాన్ ఆపినట్టు ఆపలేం. బాయిలర్ చల్లారితే మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది. అందుకే రాత్రిపూట కరెంటు మిగిలేది.

మిగిలినదాన్ని ఏం చేయాలి? నాగార్జునసాగర్ ప్రధాన పవర్‌హౌస్‌లో ఎనిమిది యూనిట్లుంటే అందులో ఏడు రివర్సిబుల్. అంటే అవసరమైతే కింద నీళ్లని మళ్లీ పైకి తోడగలవు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ అలాంటివే. చవక టైమ్‌లో తోడుకుని, గిరాకీ ఉన్నప్పుడు వదలడం. బ్రిటన్‌వాళ్లు ఇంకో దారి పట్టారు. 1978లో ఎకానమీ సెవెన్ అని, రాత్రి ఏడు గంటలు ఇళ్లకి తక్కువ రేటు పెట్టారు.

మరి మన దగ్గర ఈ రాత్రి కరెంటు మొదట ఎవరి వాటాకి వచ్చింది? రైతుకి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మొదలైంది. ఫ్రీ అన్నారు బాగానే ఉంది, కానీ ఇచ్చేది కొన్ని గంటలే, అది కూడా చాలాచోట్ల రాత్రి విడతల్లో. టార్చిలైటు పట్టుకుని పొలానికి పోవడం, చీకట్లో తడి చేత్తో స్టార్టర్ ముట్టుకోవడం, పాము కాట్లు, షాకులు. మన పల్లెల్లో ఈ కథ తెలియని ఇల్లు తక్కువ. ఆ బాధ పడలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల కరెంటు మొదలయ్యాక, బోర్లు ఎండిపోతాయి, ఆ ఆటో స్టార్టర్లు తీసేయండి అని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

రెండో వాటా కార్మికుడిది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ టర్బైన్లు తయారుచేస్తుంది, అంటే కరెంటు పుట్టించే మెషిన్లు మన పక్కనే తయారవుతాయి. అయినా 2012లో ఇదే బెల్ట్‌లో ఫ్యాక్టరీలకి కరెంటు లేదు. వారంలో కొన్ని రోజులు పవర్ హాలిడే, సాయంత్రం పీక్ టైమ్‌లో ఆంక్షలు. పేరుకి హాలిడే, రోజుకూలీకి మాత్రం అది జీతం లేని సెలవు.

కొరత తగ్గాక ఆంక్షల పని రేటు చేస్తోంది. దీన్నే టైమ్ ఆఫ్ డే టారిఫ్ అంటారు. హెచ్‌టీ కనెక్షన్ ఉన్న పరిశ్రమలకి సాయంత్రం 6 నుంచి 10 వరకు యూనిట్‌కి రూపాయి అదనం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రూపాయి తగ్గింపు, 2024 అక్టోబర్ ఆర్డర్‌లో దాన్ని రూపాయిన్నర చేశారు. అంటే ఏడింటికి నడిచే ఫర్నేస్‌ని పదకొండుకి నడిపితే యూనిట్‌కి రెండున్నర రూపాయల తేడా. నైట్ షిఫ్ట్ వెనక ఈ లెక్క కూడా ఉంటుంది. ఆ రూపాయిన్నర కంపెనీ బిల్లులో కనిపిస్తుంది. పోయిన నిద్ర ఏ బిల్లులోనూ కనిపించదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మామూలు ఇంటి మీటర్ బిల్లు అడిగేది ఎన్ని యూనిట్లు అని మాత్రమే, ఎప్పుడు కాల్చావు అని కాదు. ఇక్కడ ఆట అంతా స్లాబులది. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం చూడండి. నెలకి 200 యూనిట్లు వాడితే మొదటి వందకి 3.40 చొప్పున, రెండో వందకి 4.80 చొప్పున, ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 వాడితే? మొదటి 200 యూనిట్లకీ రేటు 5.10 అయిపోతుంది, ఆ ఒక్క యూనిట్‌కి 7.70. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఎక్కువైనందుకు 200 రూపాయలకి పైనే! 2024 మార్చి నుంచి గృహజ్యోతి జీరో బిల్లు వస్తున్న ఇళ్లకి కూడా హద్దు ఆ 200 యూనిట్లే. కాబట్టి అర్ధరాత్రి దాకా మేలుకోవద్దు. నెల మధ్యలో ఒకసారి మీటర్ చూసుకోండి, అది చాలు.

కానీ ఈ లెక్క ఎప్పటికీ ఇలాగే ఉండదు. 2023 జూన్‌లో కేంద్రం రూల్స్ మార్చింది. వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ నుంచి టైమ్ ఆఫ్ డే తేవాలని, స్మార్ట్ మీటర్ పెట్టిన ఇంటికి వెంటనే వర్తించాలని అందులో ఉంది. కేంద్రం చెప్పింది ఏంటంటే, సోలార్ గంటల్లో 10 నుంచి 20 శాతం తక్కువ, పీక్‌లో అంతే ఎక్కువ. గమనించారా? చవక టైమ్ రాత్రి నుంచి మధ్యాహ్నానికి మారిపోయింది. కారణం సోలార్ ప్యానెళ్లు.

ఇక్కడే అసలు ప్రశ్న. మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు? ఇద్దరూ ఉద్యోగానికి పోతే అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్‌లో తలుపుకి తాళం. టైమర్ ఉన్న మెషిన్ కొనుక్కోగలిగినవాళ్లకి తగ్గింపు. సాయంత్రం ఏడింటికి వచ్చి వంట, బట్టలు అన్నీ చూసుకునే మనిషికి అదనపు భారం. చవక గంటలు ఉండటం ఒక్కటే కాదు, వాటిని వాడుకునే వీలు ఎవరికుందో కూడా చూడాలి. రైతు చీకట్లో పొలానికి పోయినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మీ ఇంటికి స్మార్ట్ మీటర్ వచ్చిన రోజున మీరు అడగండి: ఏ గంటలు చవక, ఏ గంటలు ఖరీదు, స్లాబులు ఉంటాయా పోతాయా అని.

ఈరోజుకి ఇంతే. మీ కరెంటు బిల్లు ఒకసారి తీసి చూడండి, ఈ నెల ఏ స్లాబ్‌లో ఉన్నారో. మళ్లీ కలుద్దాం.