ఎర్రముక్కపల్లె బంగళా

పాత ఇంటి చరిత్ర అనగానే వంశవృక్షం వెదుకుతాం. కడప ఎర్రముక్కపల్లెలో ఒకప్పుడుండిన బ్రౌను బంగళాకు అటువంటిది లేదు. అందులో నిండుగా కాపురముండినవి తాటాకు గ్రంథాలు, వాటి చుట్టూ పండితులు.

1820 ఆగస్టులో కలెక్టరుకు సహాయకుడిగా కడప చేరేనాటికి చార్లెస్ ఫిలిప్ బ్రౌనుకు ఉన్నది మద్రాసులో పరీక్ష కోసం నేర్చిన తెలుగు మాత్రమే. మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి 1826లో మళ్ళీ కడపకు వచ్చాక, తోటతో కూడిన ఈ బంగళా కొని, సొంత జీతంతో పండితులను కుదుర్చుకున్నాడు. జనం దానిని 'బ్రౌను కాలేజి' అన్నారు. నిజానికి అక్కడ పాఠాలు లేవు. ఒకే కావ్యానికి పలుచోట్ల నుండి ప్రతులు తెప్పించడం, కాగితంమీద ఎత్తి రాయించడం, పాఠాంతరాలు పోల్చి చూడడం, తప్పులు దిద్దడం, వ్యాఖ్య రాయించడం: ఇదీ అక్కడి దినచర్య. రాతగాని చేతిలో చెడిన పాఠమేదో, కవి రాసిన పాఠమేదో తేల్చవలసినది పండితుడే. దొర ఎంత పట్టుదల గలవాడైనా ఛందస్సు, అలంకారం వారి చలవే.

వారి పేర్లు మనం తరచుగా మరచిపోతాం. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, ములుపాక బుచ్చయ్య, పైడిపాటి వెంకటనరసయ్య. ఈ వ్యవహారమంతా చక్కబెట్టినవాడు అయోధ్యాపురం కృష్ణారెడ్డి. 1851లో వెలువడిన మనుచరిత్రకు వ్యాఖ్య అప్పయ్యది. బ్రౌణ్య నిఘంటువులో ఒక మాటకు అర్థం వెదికిన ప్రతిసారీ మనం వీరి శ్రమను కూడా తాకుతున్నామని నా నమ్మకం. అట్టమీద మాత్రం ఒక్క పేరే ఉంటుంది.

వేమన పద్యాలు 693 ఆంగ్లానువాదంతో 1829లో అచ్చయ్యాయి. జీతం చాలక బ్రౌను అప్పులు కూడా చేశాడు. 1855లో ఇంగ్లండు వెళ్ళిపోయి, 1884లో లండనులో కన్నుమూశాడు.

కడపలో బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా చందాలు పోగుచేసి, ఆ స్థలంలోనే బ్రౌను పేర గ్రంథాలయం నిలిపారు. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయానికి అనుబంధమై భాషా పరిశోధన కేంద్రమయింది. ఒక విశ్రాంత అధ్యాపకుని కాళ్ళు అరిగిన ఫలితమది. ప్రభుత్వాల ఔదార్యం ఆ తరువాతి మాట.

బ్రౌను పోగుచేసిన ప్రతులు మాత్రం కడపలో లేవు. రెండు వేలకు పైబడిన ఆ గ్రంథరాశిని ఆయన మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చాడు. అక్కడి నుండి అది ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది. ఎర్రముక్కపల్లెలో దిద్దిన పాఠం చూడదలచినవారు నేటికీ చెన్నై వెళ్ళవలసిందే.